గుండీల్లేని మాయ

పది నిమిషాలు ఇచ్చాడు ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసరావు. ఆ ఇచ్చేదేదో కన్యాదానం చేస్తున్నంత బాధగా ఇచ్చాడు.

"పదకొండూ పదికి లోపలికి వెళ్తున్నారు. పదకొండూ ఇరవైకి బయటుండాలి. నాలుగింటికి వాణ్ణి మేజిస్ట్రేటుగారి ముందు నిలబెట్టాలి నేను. మీ సరదా కోసం కోర్టు ఆగదు."

రాజలింగం జేబుగడియారం తీసి చూశాడు. "పదకొండూ పన్నెండయింది సాబ్. మీ గోడగడియారం రెండు నిమిషాలు ఎనకున్నది."

ఇన్‌స్పెక్టర్ పళ్లు నూరాడు. పద్దెనిమిదేళ్లు రైల్వే గార్డుగా పనిచేసి, జెండాలు అప్పగించేసి, ఆరేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు కట్టుకున్న ఈ మనిషంటే ఆయనకు ఒళ్లుమంట. అది ఊరికే పుట్టిన మంట కాదు. ఆయన మూసేసిన రెండు ఫైళ్లను రాజలింగం మళ్లీ తెరిపించాడు.

ఇది మూడోది. శనివారం మధ్యాహ్నం యూనివర్సిటీ జువాలజీ మ్యూజియంలో అటెండరు మొగిలి తల పగిలి చచ్చిపోయాడు. రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు రాశాడు. నాలుగున్నరకు శవాన్ని చూసి కేకలు పెట్టినవాడు మ్యూజియం ఆర్టిస్టు పౌలు. కేకలు పెట్టినవాణ్ణే తెచ్చి లోపల వేశాడు ఇన్‌స్పెక్టర్. పొద్దున తాళంచెవి దగ్గర ఇద్దరూ పోట్లాడుకున్నారు, సాక్షులున్నారు. మధ్యాహ్నం ఎక్కడున్నావంటే పౌలు సగం చెప్పి సగం మింగుతాడు. ఉరికంబం ఎక్కించడానికి అంతకన్నా ఏం కావాలి?

పౌలు భార్య సుగుణమ్మ నిన్న చర్చి నుంచి తిన్నగా రాజలింగం ఇంటికి వచ్చింది. "మా ఆయన బొమ్మ కోసం కప్పను కోస్తుంటేనే కళ్లు మూసుకుంటాడండీ" అని, ఇంక మాట రాక కూలబడింది. ఆ ఒక్క మాట మీద రాజలింగం ఇవాళ ఇక్కడికి వచ్చాడు.

లాకప్పులో పౌలు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. వేళ్లకు ఇంకా రంగు మరకలున్నాయి.

"శనారం రెండున్నర సంది నాలుగున్నర దాక ఏడున్నవ్ పౌలూ?"

"సీతాఫల్‌మండి స్టేషన్లోనండి. బెంచీ మీద."

"రైలెక్కినవా?"

"లేదండి. కూర్చున్నాను."

"మూడింటి ప్యాసింజరు చూసినవా?"

"చూశానండి. ఇరవై నిమిషాలు లేటు. ఇంజను తిరగేసి తగిలించారు. బొగ్గుపెట్టె ముందూ, పొగగొట్టం వెనకా. బొమ్మ గీద్దామనిపించింది."

రాజలింగం మీసం కింద నవ్వుకున్నాడు. ఆ బండి అలా తిరగబడి వచ్చింది ఆ ఒక్క శనివారమే. ఆ సంగతి పాత స్నేహితుడైన స్టేషన్ మాస్టరు నిన్ననే అతనికి చెప్పాడు. బెంచీ మీద కూర్చున్నవాడికి తప్ప ఇంకొకడికి తెలిసే విషయం కాదు.

"మరి ఎందుకు కూసున్నవ్ గాడ?"

పౌలు చెయ్యి మెడలో శిలువ మీదకు పోయింది.

"ఒట్టు పెట్టినవా?"

"ఆయ్. మొగిలికండి. బైబిలు మీద చెయ్యి వేయించుకున్నాడు. నేను చెప్పమనేదాకా ఎవరికీ చెప్పకూ, నాలుగున్నరకు రా, అప్పుడు అన్నీ చెప్తానూ అన్నాడు. వచ్చాను. చెప్పడానికి మనిషి లేడు."

"ఇగ ఆయన వచ్చి చెప్పు అనడు పౌలూ. చచ్చినోనికిచ్చిన ఒట్టు చంపినోనికి కాపలా కాయొద్దు."

పౌలు చేతిలోని శిలువ వదిలేశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పాడు.

శనివారం ఒంటిగంటకు డిపార్ట్‌మెంట్ మూసేశారు. ఒంటిగంటా నలభైకి మొగిలి అతనికి ఒక ఉత్తరం ఇచ్చాడు. తార్నాకలో నర్సింగ్ హోం ఉంది. దాన్ని పెట్టిన డాక్టరమ్మ పోయినేడు కాలం చేస్తే, ఆవిడ తమ్ముడు వైద్యం రాకపోయినా మేనేజరుగా కూర్చుని అద్దె డాక్టర్లతో నడుపుతున్నాడు. ఉత్తరం ఆయన చేతికే ఇవ్వమన్నాడు మొగిలి. రెండూ పదికి ఇచ్చాడు పౌలు.

"అక్కడే విప్పి చదివారండి. మొహం తెల్లబోయింది. ఇది ఇంకెవరికి తెలుసు అన్నారు. అంటించి ఉన్న ఉత్తరం, నాకేం తెలుసండి అన్నాను."

"పొద్దుగాల తాళంచెవి లొల్లి?"

"ఇవాళ మ్యూజియంలోకి ఎవర్నీ రానివ్వనన్నాడు. ఇరవయ్యేళ్లలో నాతో అలా ఎప్పుడూ మాట్లాడలేదండి మొగిలి."

పదకొండూ ఇరవై రెండుకు రాజలింగం బయటికి వచ్చి విన్నది విన్నట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ చెవిలో పడిందే గాని తలకెక్కలేదు.

"చచ్చినవాడి ఉత్తరం, కనపడని కాగితం, బైబిలు మీద ఒట్టు! నాటకం బాగుంది. మీరు మ్యూజియం చూస్తానన్నారుగా, సీలు నేనే తీయాలి. పావుగంట చూపిస్తాను, మీ ముచ్చట తీరుతుంది."

జీపులో ఇన్‌స్పెక్టర్ కూతురు కూర్చుని ఉంది. కాన్వెంటులో పరీక్ష కాగానే తండ్రి దగ్గరికి వచ్చేసింది. ఐదేళ్లుంటాయి. పెళ్లయిన పదేళ్లకు కలిగిన పిల్ల అని స్టేషనంతా ఆమెను నెత్తిన పెట్టుకుంటుంది. నిందితుల చెంపలు వాయించే ఆ చేతులు వంగి పిల్ల మేజోడు సవరించడం చూస్తే రాజలింగానికి ముచ్చటేసింది.

"బేబీ, అంకుల్‌కి నమస్తే చెప్పమ్మా."

బేబీ పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని నవ్వింది. కుడిబుగ్గ మీద సొట్ట పడింది.

రాజలింగం స్కూటరు మీద ముందుగా చేరాడు. జువాలజీ మెట్ల మీద ఒక మనిషి విస్తరాకు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మొగిలి భార్య రాములమ్మ. అడిక్‌మెట్ నుంచి నడిచి వచ్చిందట.

"ఇయ్యాల మూడోనాడు అన్నా. పానం పోయిన కాడ ఇంత బువ్వ పెడదామని వచ్చిన. తాళమున్నది అంటున్నరు. పోలీసు పెద్దసారు మొకం గూడ నేను చూడలే, దవాఖానల జవానే శవాన్ని అప్పజెప్పిండు."

పక్కన ఐదేళ్ల కూతురు కొంరమ్మ చీమలకు మెతుకులు వేస్తోంది. వాళ్లకు ఒక్కతే పిల్ల. రాజలింగం పలకరిస్తే తలెత్తి నవ్వింది, ఎడమబుగ్గ సొట్టపడింది. ఈ నవ్వు ఎక్కడో చూశాననిపించింది అతనికి. ఎక్కడో తట్టలేదు. పరీక్షగా చూసేలోపే పిల్ల నీళ్లకని నల్లా దగ్గరికి పరిగెత్తింది.

"మొగిలికి ఆ నర్సింగ్ హోం తోని ఏం పని చెల్లె?"

రాములమ్మ ఉలిక్కిపడింది. "గాడనే పుట్టింది నా బిడ్డ. మత్తు సూది ఇచ్చిన్రు, నాకు సోయి లేదు. మా అమ్మ గొంగడి ఉన్ని నల్లదారం పంపింది, బొడ్డు దాంతోనే కట్టాలని. మా ఇంట్ల అందరికీ గంతే. బొడ్డు కట్టిన్రు గని, మాయ ఇయ్యలే. ఇంటి ముంగట బొంద తీసి పాతుకోవాలె గద? బయట పారేసినం అన్నరు. ఆయనకు ఆ గుబులు ఐదేండ్ల సంది ఉన్నది."

"మొన్న శుక్రారం ఏమన్న అన్నడా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "శుక్రారం సాయంత్రం పని కెళ్లి ఇంటికి వచ్చి, పిల్లను శానసేపు చూసిండు. తర్వాత ఒక్క మాట అడిగిండు. ఆనాడు నీకు రెండు ఏడుపులు ఇనొచ్చినయా అని."

రాజలింగం ముందుకు వంగాడు. "నువ్వేమన్నవ్?"

"మత్తుల ఉన్న, నాకేం ఎరుక అన్న." చూపు పక్కకు తిప్పుకుంది.

అంతలో జీపు వచ్చి వేపచెట్టు కింద ఆగింది. డ్రైవరును పాప దగ్గర ఉంచి, ఇన్‌స్పెక్టర్ రాములమ్మ వైపు చూడకుండానే టకటకా మెట్లెక్కాడు.

మ్యూజియంలోకి అడుగు పెట్టగానే, జాడీల్లో కండ పాడవకుండా పోసే ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండాయి. సీలు తీస్తున్నారని తెలిసి లెక్చరర్ అమృతమ్మగారు కూడా వచ్చింది. పిండాలు ఎలా పెరుగుతాయో పాఠం చెప్పేది ఆవిడే. మొగిలి ఆవిడ క్లాసులకు ఇరవయ్యేళ్లు జాడీలు మోసి, గోడవారన నిలబడి ప్రతి పాఠమూ విన్నాడు. "పరీక్ష పెడితే నా విద్యార్థులు సగంమంది కన్నా మొగిలికే ఎక్కువ మార్కులు వచ్చేవి" అంది కళ్లు తుడుచుకుంటూ. అవి ఫార్మలిన్ నీళ్లు మాత్రం కావు.

ఇన్‌స్పెక్టర్ చూపుడువేలు జెండాలా తిరిగింది. "ఇదిగో నిచ్చెన. దాని మీద మొగిలి. పౌలు నిచ్చెన లాగాడు, వీడు పడ్డాడు, చేతిలో జాడీ పగిలింది. అయిపోయింది."

"నిచ్చెన మీది కెళ్లి పడ్డోనికి దెబ్బ తల ఎనక, మెడకు మీద తగిలిందా? జాడీ ముక్కలు కాళ్ల దిక్కున్నయా?"

"పడేవాడు మీ గడియారం చూసుకుని పడతాడా?"

రాజలింగం నేల మీద కూర్చున్నాడు. పగిలిన జాడీ చీటీ గాజుముక్కకు అంటుకునే ఉంది. పైకి చదివాడు. "మాయ. మనిషిది. తార్నాక. పద్నాలుగు జూన్, పందొమ్మిది వందల అరవైమూడు."

ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది.

"జాడీల ఉన్న సామానేది?"

"ఏముంటుంది, పాత కండ. పౌలు గోడ అవతల పారేసి ఉంటాడు."

రాజలింగం అలమారు కోడు కిందకు పెన్సిలు పోనిచ్చి ఒక ఎండిన తునక బయటికి లాగాడు. పల్చటి పొర, దాని మీద కోటు గుండీ అంత బొడిపె. అరచేతిలో పెట్టుకుని చూశాడు. చూస్తూ చూస్తూ నవ్వేశాడు.

"మా నాయిన గొర్లు కాసెటోడు సాబ్. గొర్రె ఈనిందంటే మాయ పడ్డదా లేదా అని కాపలా కూసునుడే నా చిన్నప్పటి పని. గొర్రె మాయకే గిట్ల గుండీలుంటయి. అమ్మా, మనిషి మాయకుంటయా?"

అమృతమ్మ గబగబా ముందుకు వచ్చింది. "ఉండవు. మనిషిది రొట్టెలా గుండ్రంగా ఒకటే ముద్ద. ఇది ముమ్మాటికీ గొర్రెదే. మనిషి చీటీ ఉన్న జాడీలోకి ఎలా వచ్చింది?"

"మొగిలే మార్చిండు. ఉత్తరం పంపిండు, వచ్చేటోడు చీటీ చూసి జాడీ పట్టుకపోతడని ఎరుకయి మార్చిండు. చంపినోడు చీటీ చదివి, జాడీ పగలగొట్టి, గొర్రె మాయను మూటగట్టుకొని పోయిండు." రాజలింగం లేచి ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడ్డాడు. "గా గోడ మీది బొమ్మలు చూడున్రి సాబ్. కోడిది, గొర్రెది, మనిషిది, అన్ని పొరలకూ రంగులేసి గీసింది పౌలు. గీసినోనికి గొర్రెదేదో మనిషిదేదో తెల్వదా? డాక్టరుకు తెల్వదా? తెల్వనిది ఎవరికి? వైద్యం రాకుండ నర్సింగ్ హోం నడిపెటోనికి!"

ఇన్‌స్పెక్టర్ గోడ దగ్గరికి నడిచి గొర్రె బొమ్మనూ మనిషి బొమ్మనూ మార్చి మార్చి చూశాడు.  

"అసలుది ఉంటే చూపించండి, ఒప్పుకుంటాను" అన్నాడు చివరికి.

'గొర్రె' అని చీటీ ఉన్న జాడీ మూడో అరలో వెనక వరసలో దొరికింది. మూతకు మైనం కొత్తగా ఉంది. అమృతమ్మ ట్రేలో పోసి, మడతలు పడ్డ పొరల్ని పటకారుతో మెల్లగా విప్పింది. గుండ్రటి ముద్ద, గుండీల్లేవు. దాని మీద నుంచి ఒక బొడ్డుతాడు లేచి ఉంది, కొసన నల్ల ఉన్నిదారం ముడి. ఆ దారం ఎవరి గొంగడిదో రాజలింగానికి తెలుసు.

అమృతమ్మ ఇంకో మడత విప్పి ఆగిపోయింది. దాని కింద రెండో బొడ్డుతాడు. దాని కొసన ఆస్పత్రి తెల్లదారం.

"ఐదేళ్లు మా కళ్ల ముందే ఉంది!" ఆవిడ పటకారు పక్కన పెట్టేసింది. "కాన్పుల మాయలు బకెట్లో వేసి మాకు పంపడం డాక్టరమ్మతో మా పాత ఏర్పాటు. మొగిలికి పారేశామని చెప్పారట, కానీ ఆయా అలవాటు కొద్దీ బకెట్లో వేసి ఉంటుంది. ఆరోజు భార్య కాన్పని మొగిలి సెలవులో ఉన్నాడు. బదులు వచ్చినవాడెవడో చుట్టచుట్టి జాడీలో పెట్టేశాడు. ఏటా పైన ఫార్మలిన్ పోయడమే గాని బయటికి తీసింది లేదు. మొన్న కొత్త జాడీలు వచ్చాయి. మొగిలి శుక్రవారం దీన్ని మార్చి ఉంటాడు."

"అంటే కవలలా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కవలలే, అందులోనూ ఒకే అచ్చు. చూడండి. కోడిగుడ్డులోనైనా మన గర్భంలోనైనా బిడ్డ చుట్టూ పొరలుంటాయి. బిడ్డను ఉమ్మనీటిలో తేల్చేది లోపలి సంచి. అన్నిటినీ చుట్టి తల్లికి అంటుకుని మాయను కట్టేది బయటిపొర. ఇక్కడ లోపలి సంచులు రెండు, బయటిపొర మాత్రం ఒకటే. మధ్యగోడ ఎంత పల్చగా ఉందో చూశారా? ఒకే పిండం రెండుగా చీలితేనే ఇలా ఉంటుంది. పుట్టాక వీటిని ఎవరూ చూడరు, పారేస్తారు. లోపల ఏం జరిగిందో చెప్పగలిగేవి మాత్రం ఇవే."

రాజలింగం రెండు దారాలనూ వేలితో చూపించాడు. "నల్లదారం బిడ్డ తల్లికి దక్కింది. తెల్లదారం బిడ్డను ఎవరికో ఇచ్చిన్రు. అది అడిగినందుకే మొగిలిని చంపిన్రు."

"కోర్టులో నిలుస్తుందో లేదో గాని" ఇన్‌స్పెక్టర్ గొంతు మొదటిసారి మెత్తబడింది, "ఇది కేసు ప్రాపర్టీ. నేను స్వయంగా పట్టుకెళ్తాను. ఆ మేనేజర్ని పిలిపిస్తాను. పౌలు సంగతి... చూద్దాం." అన్నంత పనీ చేశాడు. అమృతమ్మ మళ్లీ మూత బిగించిన జాడీని రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచాడు. ఎంత మొండివాడైనా దొంగ కాడు శ్రీనివాసరావు, ఆ మాట ఒప్పుకోవాలి.

అమృతమ్మ చేతులు కడుక్కుంటూ తనలో తాను అనుకున్నట్టు అంది. "ఇలాంటి కవలల్లో కొందరు అద్దంలో చూసుకున్నట్టు ఉంటారు. ఒకరికి కుడివైపున్నది ఇంకొకరికి ఎడమవైపు వస్తుంది. పుట్టుమచ్చో, జుట్టు సుడో, బుగ్గన సొట్టో..."

రాజలింగం చేతిలో గడియారం జారి గొలుసుకు వేలాడింది. కుడిబుగ్గ. ఎడమబుగ్గ. జూన్ పద్నాలుగు అనగానే ఆగిన బూట్లు.

"సాబ్! ఆగున్రి సాబ్!" వరండాలో పరిగెత్తాడు.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఆగిపోయి ఉన్నాడు. పైనుంచి మూడో మెట్టు మీద.

జీపులో విసుగెత్తి బేబీ దిగొచ్చింది. కింది మెట్టు మీద కొంరమ్మ పక్కన కూర్చుని సగం కొరికిన పిప్పరమెంటు పంచుకుంటోంది. ఒకరిది ఇస్త్రీ గౌను, ఒకరిది నూనె మరకల లంగా. ఇద్దరూ ఒకేసారి తలలు ఎత్తారు.

"డాడీ!" బేబీ సంబరంగా అరిచింది. "చూడు డాడీ, ఈ అమ్మాయి నా మొహం పెట్టుకుంది!"

ఇద్దరూ కిలకిలా నవ్వారు. సొట్టలు రెండూ ఎదురెదురుగా పడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ పెదవులు కదిలాయి. "నా భార్య కాన్పు... అక్కడే. ఆరోజే. పుట్టగానే బిడ్డ ఏడవలేదని లోపలికి తీసుకుపోయారు. గంట తర్వాత తెచ్చి చేతుల్లో పెట్టారు, బతికిందండీ అని." ఆయన ఎవరితో చెబుతున్నాడో ఆయనకే తెలియదు. ఏడవని ఆ బిడ్డ బతకలేదనీ, వేరే బిడ్డను తెచ్చి పెట్టారనీ ఈ మనిషికి ఇప్పటిదాకా తెలియదని రాజలింగానికి అర్థమైంది. జాలేసింది. జాలి వెంటే భయమేసింది.

స్తంభం పక్కన రాములమ్మ లేచి నిలబడింది. విస్తరాకు ఒళ్లోంచి జారి బువ్వ మెట్ల నిండా పడింది. ఆమె ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు, అక్కడి నుంచి ఇన్‌స్పెక్టర్‌కు చూపు తిప్పింది.

"ఆయనకు అబద్ధం చెప్పిన సారూ" అంది. "పిచ్చిదంటరని ఐదేండ్లు మింగిన. ఆనాడు రెండు ఏడుపులు ఇన్న."

జాడీలో ఫార్మలిన్ వణుకుతోంది. కింద నల్లరాతి మెట్లు. లాకప్పులో పౌలును బయటికి తెచ్చే సాక్ష్యం, రాములమ్మకు రెండో బిడ్డను ఇచ్చే సాక్ష్యం ఈ లోకంలో అదొక్కటే. అది, కూతుర్ని పోగొట్టుకోబోతున్న తండ్రి చేతుల్లో ఉంది.

రాజలింగానికి, ఆయనకు మధ్య పదడుగులు. ఇన్‌స్పెక్టర్ వేళ్లు సడలడం అతను అక్కడి నుంచే చూశాడు.